విజ్ఞాన యాత్రలు: చూసి రావడం నుంచి చేసి చూడడం దాకా

(ప్రత్యేక వ్యాసం)

యాసంగి మధ్యలో బోరు ఎండిపోయిన రైతు ముందు రెండు దారులు ఉంటాయి. అప్పు చేసి మరో బోరు వేయించడం ఒకటి. నేలలో మిగిలిన తేమకు, చేతిలో ఉన్న నీటికి సరిపోయే పంటకు మళ్లడం రెండవది. మొదటి దారి ఆయన ఎరిగినదే; ఊరిలో పదిమంది నడిచినదే. రెండవ దారి గురించి కరపత్రంలో చదివి ఉండవచ్చు, రేడియోలో విని ఉండవచ్చు. అయినా ఏడాది బతుకుదెరువును కాగితం మీది మాటకు అప్పగించడానికి ఏ రైతూ సాహసించడు. తన నేల వంటి నేలలో, తన ఊరి వాన వంటి వానలో, తన వంటి రైతు ఒకరు చేసి నిలబడ్డారని కళ్లారా చూసినప్పుడే ఆయనలో ఆలోచన మొదలవుతుంది.

ఆ చూపు కలిగించాలన్న లక్ష్యంతోనే పరిశోధన కేంద్రాలకు, వాటర్‌షెడ్ గ్రామాలకు, ప్రదర్శన క్షేత్రాలకు రైతులను, అధికారులను, పాత్రికేయులను తీసుకువెళ్లడం జరుగుతోంది. వీటినే విజ్ఞాన యాత్రలని, క్షేత్ర సందర్శనలని వ్యవహరిస్తున్నాం. ఎన్ని బస్సులు వెళ్లాయి, ఎంతమంది పాల్గొన్నారు అన్న లెక్కలు నివేదికలలో సులభంగా చేరిపోతాయి. కానీ యాత్ర ఫలితం ఆ లెక్కలలో కనిపించదు. ఏమి చూపించారు, ఎవరు చూశారు, తిరిగి వచ్చాక ఏమి జరిగింది అన్న మూడు ప్రశ్నలకు దొరికే జవాబులోనే అది ఉంటుంది. హైదరాబాద్ పరిసరాలలోని కొన్ని క్షేత్రాలను ఉదాహరణగా తీసుకుని ఈ విషయాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సంచిలో వచ్చేది, సంచిలో రానిది

పరిశోధన ఫలితాలన్నీ ఒకే తీరున గ్రామాలకు చేరవు. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ (ఎంటీయూ 7029) వరి వంగడం తూర్పు భారత రాష్ట్రాలకు విస్తరించింది. బాపట్ల కేంద్రం నుంచి 1986లో వెలువడిన సాంబ మసూరి (బీపీటీ 5204) దేశంలో ఎందరో మెచ్చిన సన్నబియ్యంగా స్థిరపడింది. విత్తనం సంచిలో ప్రయాణిస్తుంది. బంధువుల ఇంటికి వెళ్లిన రైతు నాలుగు కిలోల గింజలు వెంట తెచ్చుకుంటే వంగడం కొత్త ఊరికి వచ్చినట్టే. దానికి పెద్ద యాత్ర అక్కరలేదు.

నేల, నీరు, అడవి, పచ్చిక వంటి సహజ వనరుల యాజమాన్యం అలా సంచిలో రాదు. గట్టు ఏ వాలున వేయాలి, వాగుకు అడ్డుకట్ట ఎక్కడ కట్టాలి, ఊరి బావులలో ఉన్న నీటిని ఎన్ని ఎకరాలకు పంచుకోవాలి అన్నవి ఒక్క రైతు తేల్చుకునే విషయాలు కావు. ఎగువ చేను, దిగువ చేను కలిసి నిర్ణయించవలసినవి. పైగా వాటి ఫలితం ఒక్క పంటకాలంలో కనిపించదు. అందువల్ల వెళ్లి చూడడం, చేసినవారితో మాట్లాడడం తప్పనిసరి అవుతోంది. విజ్ఞాన యాత్రల అసలు అవసరం ఇక్కడే ఉంది.

పటాన్‌చెరు: ఒకే నేల, రెండు సేద్యాలు

అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ (ఇక్రిశాట్) 1972లో పటాన్‌చెరులో ఏర్పాటైంది. మెట్ట ప్రాంతాలలో ప్రధానమైన నల్లరేగడి, ఎర్ర నేలలు రెండూ ఒకే ఆవరణలో ఉండడం ఈ స్థలం ప్రత్యేకత. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ వంటి పంటలపై ఇక్కడ పరిశోధనలు సాగుతున్నాయి. ఇక్కడి జన్యు బ్యాంకులో 144 దేశాల నుంచి సేకరించిన 1,20,000కు పైగా విత్తన నమూనాలు భద్రంగా ఉన్నాయి. దీర్ఘకాలం నిల్వ ఉంచవలసిన విత్తనాన్ని మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ చలిలో దాచుతారు. సందర్శకులను అబ్బురపరిచేది సాధారణంగా ఈ జన్యు బ్యాంకే. ఛాయాచిత్రాలూ ఇక్కడే ఎక్కువగా తీసుకుంటారు.

అయితే రైతు ఎక్కువసేపు నిలబడవలసిన చోటు మరొకటి ఉంది. 1976లో నల్లరేగడి నేలలో ప్రారంభమైన దీర్ఘకాలిక వాటర్‌షెడ్ ప్రయోగం అది. ఒకే రకపు నేలను రెండు పద్ధతులలో సాగు చేస్తూ ఏడాది తరువాత ఏడాది లెక్కలు రాస్తూ వచ్చారు. ఒకవైపు పాత పద్ధతి: వానాకాలంలో నేలను ఖాళీగా వదిలి, యాసంగిలో జొన్ననో శనగనో వేయడం. మరొకవైపు మెరుగైన పద్ధతి: వాలును బట్టి సుమారు ఒక మీటరు వెడల్పున ఎత్తు మడులు, వాటి మధ్య అర మీటరుకు కాస్త తక్కువ వెడల్పున కాలువలు తీసి, వానాకాలంలోనే పంట పెట్టడం; జొన్నలో కంది వంటి అంతర పంట, లేదా మొక్కజొన్న తరువాత శనగ వేయడం. ఎక్కువైన వాన నీరు కాలువల గుండా మెల్లగా కుంటకు చేరుతుంది. కొంత నీరు నేలలో ఇంకుతుంది, మట్టి కోత తగ్గుతుంది.

మూడు దశాబ్దాల సగటు తీస్తే మెరుగైన పద్ధతిలో హెక్టారుకు ఏడాదికి 5.1 టన్నులు, పాత పద్ధతిలో 1.1 టన్నుల గింజ దిగుబడి నమోదైంది. ఎకరం లెక్కన చెప్పాలంటే ఒకవైపు 20 క్వింటాళ్లకు పైగా, మరొకవైపు దాదాపు నాలుగున్నర క్వింటాళ్లు. రెండు మడులపైనా కురిసింది ఒకే వాన.

అంకె ఆకట్టుకుంటుంది. కానీ సందర్శకుడు అక్కడే ఆగరాదు. మెరుగైన పద్ధతిలో ఎత్తు మడులు మాత్రమే లేవు. మేలైన వంగడాలు, ఎరువులు, రెండు పంటలు, సకాలంలో పని అన్నీ కలిసి ఉన్నాయి. వీటిలో దేని వాటా ఎంత? పెట్టుబడి ఎంత పెరిగింది? వానాకాలం మొదట్లో జిగురుగా మారే నల్లరేగడిలో సమయానికి విత్తడం సాధ్యమయ్యేదెట్లా? ఈ ప్రశ్నలు అడిగిన రైతు ఏదో ఒక భాగాన్ని తన పొలానికి తీసుకుపోగలుగుతాడు. అడగనివారికి పొరుగింటి పుల్లకూర రుచి మాత్రమే మిగులుతుంది.

ఎండిన మొక్కలూ చూపించాలి

పరిశోధన కేంద్రాలలో కావాలని రోగగ్రస్తంగా ఉంచే మడులు ఉంటాయి. కందిలో ఎండు తెగులును తట్టుకునే రకాలను ఎంపిక చేయడానికి, తెగులు కారకమైన శిలీంధ్రం పుష్కలంగా ఉన్న మట్టిలోనే వాటిని పెంచుతారు. తట్టుకోలేని రకం వరుసకు వరుస ఎండిపోతుంది. పక్కన తట్టుకునే రకం పచ్చగా నిలుస్తుంది. మొదటిసారి చూసినవారు పంట పాడైపోయిందని భ్రమిస్తారు. నిజానికి ఆ ఎండిన వరుసే పచ్చని వరుసకు సాక్ష్యం. అది లేకపోతే పక్క వరుస తెగులును తట్టుకుని నిలిచిందా, అసలు తెగులే రాలేదా అన్నది తేలదు.

యాత్రల నిర్వహణకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. విజయాన్ని మాత్రమే చూపే పర్యటన సగం పర్యటనే. ఇందుకు పాత ఉదాహరణ ఒకటి ఉంది. 1970, 80 దశకాలలో దుక్కి, విత్తనం, అంతర సేద్యం, బండి రవాణా అన్నింటికీ పనికివచ్చే ఎద్దుల చక్రాల పనిముట్టును వివిధ దేశాలలో రూపొందించారు. ఇక్రిశాట్ కూడా దానిపై విస్తృతంగా కృషి చేసింది. పరిశోధన క్షేత్రంలో అది చక్కగా పనిచేసింది. ఎత్తు మడులు తీయడానికి అనువైనదనిపించుకుంది. గ్రామాలలో మాత్రం నిలదొక్కుకోలేదు. ధర ఎక్కువ, బరువు ఎక్కువ. కొన్నచోట కూడా అది చాలావరకు బండిగానే మిగిలింది. ఈ అనుభవాన్ని పాల్ స్టార్కీ 1988లో వెలువరించిన గ్రంథం సమగ్రంగా నమోదు చేసింది. ఎంత మెరుగులు దిద్దినా రైతులు తిరస్కరించారన్న అర్థం ఆ గ్రంథం పేరులోనే ఉంది.

ఈ కథను సందర్శకులకు చెప్పడం వల్ల సంస్థ గౌరవం తగ్గదు. పరిశోధన మడిలో పని చేసినదల్లా పల్లెలో పని చేయదన్న ఎరుక కలుగుతుంది. ఆ ఎరుకే తరువాతి ప్రయత్నానికి పునాది అయింది.

కొత్తపల్లి: ఊరే ప్రయోగశాల

రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలోని కొత్తపల్లి గ్రామంలో 1999లో ఆదర్శ వాటర్‌షెడ్ పనులు ప్రారంభమయ్యాయి. విస్తీర్ణం 465 హెక్టార్లు, అంటే దాదాపు 1,150 ఎకరాలు. ఇక్రిశాట్‌తో పాటు కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రీడా), నాటి జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ, జిల్లా యంత్రాంగం, ఎం.వి. ఫౌండేషన్, గ్రామస్థులు కలిసి ఈ కార్యక్రమాన్ని చేపట్టారు. శాస్త్రవేత్త పద్ధతిని నిర్ణయించి రైతుకు అప్పగించడానికి బదులు, రైతు తన పొలంలో తాను ఎంచుకున్న దానిని తన ఖర్చుతో చేసి చూసే విధానాన్ని ఇక్కడ అనుసరించారు. సొంత పొలానికి కావలసిన విత్తనం, ఎరువు ఉచితంగా పంచలేదు. ఉచితంగా వచ్చిన వస్తువు పథకంతోనే ఆగిపోతుంది, సొంత డబ్బు పెట్టిన పని నిలుస్తుంది అన్నది ఈ నిర్ణయం వెనుక ఉన్న ఆలోచన.

యాత్రికులకు ముందుగా కనిపించేవి కట్టడాలు: వాగులపై నీటిని నిలిపే చిన్న ఆనకట్టలు, గండ్లు పెరగకుండా వేసిన రాతి అడ్డుకట్టలు, వాన నీటిని ఇంకించే గుంతలు, వాగు నీటిని మళ్లించి మళ్లీ ప్రాణం పోసిన ఎండు బావులు. కట్టడాలతో పాటు చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. భూసార పరీక్షలలో గంధకం, బోరాన్, జింకు లోపాలు బయటపడ్డాయి. అప్పటివరకు నత్రజని, భాస్వరం సంచుల మీదనే ఖర్చు పెట్టిన రైతులకు ఇది కొత్త విషయం. గట్ల మీద గిరిపుష్పం (గ్లైరిసిడియా) మొక్కలు నాటి పచ్చిరొట్టను నేలకు చేర్చారు. మహిళా సంఘాలు వానపాముల ఎరువు తయారీని చేపట్టాయి. మొక్కజొన్న దిగుబడి కొద్ది ఏళ్లలోనే రెట్టింపయింది. బావులలో నీటిమట్టం పెరిగింది.

ఇక్కడ ఈ వ్యాసకర్త తన అనుభవం ఒకటి చెప్పుకోవలసి ఉంది. చాలా ఏళ్ల క్రితం మరొక వాటర్‌షెడ్ గ్రామానికి పాత్రికేయులను, చుట్టుపక్కల రైతులను తీసుకువెళ్లిన సందర్భం. నిండిన చెక్‌డ్యామ్ ఎదుట ఉపన్యాసం ముగిసింది. వెనుక వరుసలో నిలబడిన ఒక మహిళా రైతు మెల్లగా అడిగింది: “మా చెలక వాగుకు దూరముంటది సారూ. ఈ నీళ్లు మాకెట్ల వస్తయి?” ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. భోజనానికి ఆలస్యమవుతోందని అందరూ బస్సు ఎక్కారు. మరునాటి పత్రికా ప్రకటనలో చెక్‌డ్యామ్ సామర్థ్యం ఉంది, పాల్గొన్నవారి సంఖ్య ఉంది, అతిథుల పేర్లు ఉన్నాయి. ఆ ప్రశ్న మాత్రం లేదు. ఆ ప్రకటన రాసినది ఈ వ్యాసకర్తే.

ఆమె ప్రశ్నకు జవాబు కొత్తపల్లి కొలతలలో ఉంది. చెక్‌డ్యామ్‌లకు దగ్గరగా ఉన్న బావులలో నీరు ఎక్కువగా పెరిగింది, దూరపు బావులలో తక్కువగా పెరిగింది. అంటే కట్టడం ఒక్కటే అందరికీ సమానంగా మేలు చేయదు. వాగుకు దూరంగా ఉన్న మెట్ట రైతుకు చేనుగట్టు, తేమను నిలిపే దుక్కి, భూసారానికి తగిన ఎరువు, కరవును తట్టుకునే వంగడం ముఖ్యం. వాటర్‌షెడ్ అంటే వాగు మీద గోడ మాత్రమే కాదు. గట్టు మీది చేను నుంచి వాగు దాకా ఉన్న మొత్తం నేల. యాత్రలో చెక్‌డ్యామ్ దగ్గర నిలబెట్టినంతసేపు గట్టు మీది చేనులోనూ నిలబెట్టాలి.

దిగువవారి మాట

కొత్తపల్లికి మరో ప్రత్యేకత ఉంది. ఆ గ్రామం ఉస్మాన్‌సాగర్ పరీవాహక ప్రాంతంలో ఉంది. మూసీ నదిపై 1920లో నిర్మించిన ఆ జలాశయం హైదరాబాద్ నగరానికి తాగునీటి ఆధారాలలో ఒకటి. గ్రామంలో వాన నీటిని ఎక్కడికక్కడ నిలిపితే దిగువకు వెళ్లే నీటి సంగతేమిటి? ఈ పనులను పరీవాహక ప్రాంతమంతటా విస్తరిస్తే ఏమవుతుందని ఇక్రిశాట్, ఇతర సంస్థల శాస్త్రవేత్తలు పరిశీలించి 2012లో ఫలితాలను ప్రచురించారు. ఎగువ గ్రామాలలో పంటకు, భూగర్భ జలానికి మేలు జరుగుతుంది, జలాశయంలోకి కొట్టుకుపోయే మట్టి తగ్గుతుంది. అదే సమయంలో జలాశయానికి చేరే నీరూ తగ్గుతుందని ఆ అధ్యయనం తేల్చింది.

దీనిని కార్యక్రమం లోపంగా భావించనక్కరలేదు. వనరు ఒకటే అయినప్పుడు ఒకచోటి లాభానికి మరొకచోట లెక్క రాయవలసి వస్తుంది. గ్రామంలో చేసిన పని విజయవంతమా కాదా అన్నది ఆ గ్రామ సరిహద్దులోనే తేలదన్న పాఠం అధికారులకు ఈ యాత్రలో దక్కవలసిన ముఖ్య పాఠం. కొత్తపల్లి చూసి వచ్చే బృందం తిరుగు ప్రయాణంలో గండిపేట కట్ట మీద పది నిమిషాలు ఆగితే, ఏ ఉపన్యాసమూ లేకుండానే ఈ విషయం బోధపడుతుంది.

కుంటలో నిలిచిన ఒక్క తడి

నల్లరేగడి చూసినవారు ఎర్ర నేల కూడా చూడాలి. 1985లో ఏర్పాటైన క్రీడాకు హైదరాబాద్ శివార్లలోని హయత్‌నగర్‌లో పరిశోధన క్షేత్రం ఉంది. ఎర్ర చెలకలలో నీరు త్వరగా జారిపోతుంది, తేమ త్వరగా ఆరిపోతుంది. పూత దశలో రెండు మూడు వారాలు వాన ముఖం చాటేస్తే పంట చేజారుతుంది. అటువంటి సమయంలో పొలంలోని కుంటలో నిల్వ చేసిన నీటితో ఒక్క తడి ఇవ్వగలిగితే పంట గట్టెక్కుతుంది. క్రీడా పరిశోధనలలో సేద్యపు కుంటలకు ఉన్న ప్రాధాన్యం ఇందువల్లనే.

కుంట చూసిన రైతు సాధారణంగా అడిగే ప్రశ్నలు మూడు: ఎంత నేల పోతుంది? నీరు ఇంకిపోకుండా అడుగున ఏమి పరచాలి? పూడిక ఎవరు తీయాలి? రెండెకరాల రైతుకు మొదటి ప్రశ్నే అన్నింటికంటే పెద్దది. కుంటకు విడిచిన సెంట్ల విలువను, కాపాడిన పంట విలువతో పోల్చి చూపినప్పుడే ఆయన నిర్ణయం తీసుకోగలుగుతాడు. ఆ లెక్క చెప్పగలిగిన మనిషి కుంట యజమాని అయిన రైతే. ఈ ఉద్దేశంతోనే, వాతావరణ మార్పులను తట్టుకునే సేద్యం కోసం 2011లో ప్రారంభమైన నిక్రా కార్యక్రమంలో పరిశోధన క్షేత్రాలతో పాటు గ్రామాలనూ ప్రదర్శన స్థలాలుగా ఎంపిక చేయడం జరిగింది. కృషి విజ్ఞాన కేంద్రాలు ఆ గ్రామాలలో పనులు చేపట్టాయి.

కంటికి కనిపించని నీటిని చూపడం ఎట్లా?

చెక్‌డ్యామ్‌లో నీరు కనిపిస్తుంది, కుంటలో నీరు కనిపిస్తుంది. బోరు కింద నీరు కనిపించదు. రైతులను ఎక్కువగా అప్పుల పాలు చేసినది ఆ కనిపించని నీరే. దానిని కళ్లకు కట్టిన ప్రయత్నాలలో 2000ల దశాబ్దంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అమలైన రైతుల భాగస్వామ్య భూగర్భ జల యాజమాన్య ప్రాజెక్టు ప్రముఖమైనది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాలలోని కరవు ప్రాంత గ్రామాలలో ఇది సాగింది. ఊరిలో వానమాపకం పెట్టి రైతులే వర్షపాతం రాసుకున్నారు. ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టాన్ని తామే కొలిచారు. యాసంగికి ముందు ఒకచోట కూర్చుని, ఊరి కింద ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిన నీరెంత అని లెక్క కట్టారు. ఏ పంట వేయాలన్న నిర్ణయం ఎవరికి వారిదే. ప్రాజెక్టు ఎవరినీ నిర్బంధించలేదు, లెక్కను మాత్రం అందరి ముందు ఉంచింది.

ఇదే దారిలో మరింత దూరం నడిచిన గ్రామం మహారాష్ట్రలోని హివ్రే బజార్. అహిల్యానగర్ (పూర్వపు అహ్మద్‌నగర్) జిల్లాలోని ఆ ఊరిని చూడడానికి దేశం నలుమూలల నుంచి బృందాలు వెళుతుంటాయి. సర్పంచ్‌గా ఆ మార్పుకు నాయకత్వం వహించిన పోపట్‌రావ్ పవార్‌కు 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. కొండల మీది కందకాలు, చెట్లు అందరికీ కనిపిస్తాయి. వాటిని నిలబెట్టినవి ఊరు తనకు తాను విధించుకున్న కట్టుబాట్లు: సేద్యానికి బోర్లు వేయకపోవడం, చెరకు వంటి నీటిదాహపు పంటలకు దూరంగా ఉండడం, ఏటా నీటి లెక్క చూసుకుని పంటలు నిర్ణయించుకోవడం. కందకం ఫోటో తెచ్చుకుని కట్టుబాటును అక్కడే వదిలి వచ్చిన బృందం ఆ ఊరిని చూసినట్టు కాదు.

జాతరే ఊరికి వస్తే

యాత్ర అంటే రైతు బయలుదేరి వెళ్లడమేనన్న నియమం లేదు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు రెండు దశాబ్దాలకు పైగా పాత పంటల జాతర నిర్వహిస్తూ వచ్చాయి. సంక్రాంతితో మొదలై, అలంకరించిన ఎడ్లబండ్ల మీద జొన్న, కొర్ర, సామ, పప్పుధాన్యాల విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. ప్రతి ఊరిలోనూ పంటల గురించి చర్చ జరుగుతుంది. ఈ సంఘాల మహిళలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది. బస్సు ఎక్కి రెండు రోజులు ఇల్లు విడిచి రాలేని మహిళకు, పశువులను వదలి కదలలేని వృద్ధ రైతుకు ఈ పద్ధతి అందుబాటులో ఉంటుంది. అధికారిక యాత్రల రూపకల్పనలో గుర్తుంచుకోదగిన నమూనా ఇది.

బస్సులో ఎవరున్నారు?

ప్రభుత్వ పరంగా రైతుల సందర్శనలకు ప్రధాన ఆధారం వ్యవసాయ సాంకేతిక యాజమాన్య సంస్థ, వాడుకలో ‘ఆత్మ’. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రాలలో ప్రయోగాత్మకంగా ప్రారంభమైన ఈ విధానాన్ని 2005-06 నుంచి దేశమంతటా విస్తరించారు. జిల్లా లోపల, రాష్ట్రం లోపల, ఇతర రాష్ట్రాలకు రైతు సందర్శనలు ఇందులో భాగం. కార్యక్రమాల నిధులలో కనీసం 30 శాతం మహిళా రైతులకు వినియోగించాలని మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నాయి.

నిబంధన ఉన్నా ఆచరణలో మెలకువ అవసరం. గడువు దగ్గరపడినప్పుడు జాబితా తయారు చేస్తే ప్రతిసారీ అవే ముఖాలు బస్సు ఎక్కుతాయి. పొలం పని మొత్తం చేస్తున్నా పట్టా పేరున లేని మహిళ, కౌలు రైతు జాబితాలో కనిపించరు. నేల తనది కాని కౌలు రైతు గట్టు వేయడానికి, కుంట తవ్వడానికి వెనకాడతాడు. ఆయనకు పనికివచ్చేది ఒక పంటకాలంలో ఫలితమిచ్చే పద్ధతి. బృందంలో ఎవరున్నారో ముందుగా తెలిస్తేనే వారికి ఏమి చూపాలో నిర్ణయించగలం.

క్షేత్రస్థాయి అనుభవాలను బట్టి నిర్వాహకులు పాటించదగిన కొన్ని అంశాలు:

1. బయలుదేరే ముందు గ్రామంలో సమావేశమై, ఏ సమస్యకు జవాబు కోసం వెళుతున్నారో రైతులచేతనే చెప్పించాలి. భూసార పరీక్ష పత్రం వెంట తీసుకువెళ్లాలి.

2. తమ నేల, వర్షపాతాలకు దగ్గరగా ఉన్న క్షేత్రాన్నే ఎంచుకోవాలి. కాలువ కింది వరి చూసి వచ్చిన మెట్ట రైతుకు నిరాశే మిగులుతుంది.

3. రోజుకు రెండు క్షేత్రాలకు మించరాదు. మడి గట్టు మీద నిలబడి చెప్పినది చివరి మనిషికి వినిపించేంత చిన్న బృందంగా విభజించాలి.

4. పంట పొలంలో ఉన్న సమయంలోనే, వీలైతే వాన తక్కువైన ఏడాది కూడా వెళ్లాలి. పద్ధతి బలం కష్టకాలంలోనే తెలుస్తుంది.

5. ఆతిథ్యమిచ్చే రైతుతో కనీసం అరగంట, అధికారులు పక్కకు తప్పుకుని, రైతులే మాట్లాడుకునే అవకాశం కల్పించాలి.

పాత్రికేయ మిత్రులకు

పర్యటన వార్తకు పత్రికలో స్థలం పరిమితం. కట్టడం ఖర్చు, ప్రారంభించినవారి పేరు ఎలాగూ ప్రకటనలో ఉంటాయి. వాటికి తోడు కొన్ని ప్రశ్నలు అడిగితే వార్తకు విలువ పెరుగుతుంది. పక్కనే ఉన్న, ఈ పద్ధతి పాటించని పొలంలో దిగుబడి ఎంత? చెప్పిన అంకె ఒక్క ఏడాదిదా, కొన్నేళ్ల సగటా? మొదట చేరి తరువాత మానుకున్న రైతులు ఉన్నారా, ఎందుకు మానుకున్నారు? రాయితీ నిలిచిపోయిన తరువాత కూడా పని సాగుతోందా? మరమ్మతు ఎవరి బాధ్యత? ఈ ప్రశ్నలు అధికారులను ఇబ్బంది పెట్టడానికి కావు. సరైన జవాబు ఉన్న కార్యక్రమానికి వీటివల్ల విశ్వసనీయత పెరుగుతుంది. జవాబు లేని చోట సరిదిద్దుకునే అవకాశం దొరుకుతుంది.

అన్నింటికంటే మంచి వార్త ఏడాది తరువాత వెళ్లినప్పుడు దొరుకుతుంది. యాత్రకు వెళ్లి వచ్చిన గ్రామానికి మరుసటి వానాకాలంలో వెళ్లి, ఎన్ని పొలాలలో ఏ మార్పు వచ్చిందో చూస్తే ఆ యాత్ర ఫలితం తెలిసిపోతుంది.

తిరిగి వచ్చిన తరువాత

బస్సు ఊరికి చేరిన రోజు యాత్ర ముగిసినట్టు భావించడం పరిపాటి. నిజానికి ఆ రోజే అసలు పని మొదలవుతుంది. తెలంగాణలో వ్యవసాయ క్లస్టర్ల వారీగా నిర్మించిన 2,601 రైతు వేదికలు ఇందుకు అనువైన స్థలాలు. వెళ్లి వచ్చినవారు వారం లోపల అక్కడ కూర్చుని, వెళ్లలేనివారికి తాము చూసినది చెప్పాలి. నచ్చినది, నచ్చనిది రెండూ చెప్పాలి. ఇద్దరు ముగ్గురు రైతులు అరెకరంలో కొత్త పద్ధతి, పక్క అరెకరంలో తమ పాత పద్ధతి పెట్టి చూడడానికి ముందుకు రావాలి. పటాన్‌చెరు మడులు నేర్పిన పాఠం ఇదే: పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేడా తెలియదు. వ్యవసాయ విస్తరణాధికారి ఆ రెండు అరెకరాలను పంటకాలం పొడవునా గమనించి, ఖర్చును, రాబడిని రైతు చేతనే రాయించాలి. కోత సమయానికి ఆ చేనే ఊరికి విజ్ఞాన క్షేత్రం అవుతుంది. అప్పుడు బస్సు అవసరం ఉండదు, నడిచి వెళితే సరిపోతుంది.

వాగుకు దూరంగా చెలక ఉన్న ఆ మహిళా రైతు మరొకసారి బస్సు ఎక్కిందో లేదో ఈ వ్యాసకర్తకు తెలియదు. ఆమె వంటి రైతులు ప్రతి బృందంలోనూ వెనుక వరుసలో ఉంటారు. వారు అడిగిన ప్రశ్న నిర్వాహకుని నోటు పుస్తకంలోకి, అక్కడి నుంచి పత్రికా ప్రకటనలోకి, చివరకు శాస్త్రవేత్త బల్ల మీదికి చేరిన నాడు విజ్ఞాన యాత్రలు ఏ ప్రయోజనం కోసం ఉద్దేశించినవో ఆ ప్రయోజనం నెరవేరుతుంది. అందుకు అధికారులు, పాత్రికేయులు ఉభయులూ తోడ్పడగలరని ఆశించడం జరుగుతోంది.